సెకండ్ హ్యాండ్ చిన్న కారు: ఏళ్ల తరబడి వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను. పాత కారు వదిలించుకుని, దాని స్థానంలో నాలుగేళ్లు నడిచిన చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పుడు ఆ బండికి పదేళ్లు. మీటరు లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. ఇవాళ మళ్లీ కొనాల్సి వచ్చినా ఇలాంటిదే వెతుక్కుంటాను. దీన్ని ఎవరూ ఆగి చూడరు, నడపడంలో పెద్ద మజా కూడా లేదు. కానీ ఏడాదికి ఎంత ఖర్చు పెట్టిస్తుందో దాదాపు ముందే చెప్పగలను. నాకు కావలసింది అదే.

బండి వివరాలు ఇవీ: 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే ఏర్పాటు) లేదు. అయిదు గేర్ల మాన్యువల్, 14 అంగుళాల చక్రాలు, మధ్య రకం వేరియంట్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఒకే పేరుతో అమ్మే కారులో ఒక తరానికీ ఇంకో తరానికీ, ఒక గేర్‌బాక్స్‌కీ ఇంకో గేర్‌బాక్స్‌కీ పొంతనే ఉండదు. ‘ఫలానా కారు మంచిదట’ అని విని వెళ్లినవాళ్లకి, ఆ పేరు మీదే వచ్చిన వాటిలో అందరూ తిట్టుకునే ఇంజన్ చేతికి రావచ్చు. పేరు కన్నా తయారైన సంవత్సరం, లోపలి ఇంజన్, గేర్‌బాక్స్, అంతకుముందు వాడినవాళ్ల శ్రద్ధ, ఈ నాలుగూ చూసుకోవాలి. వీటిలో నాలుగోదే అన్నిటికన్నా పెద్దది.

పాత బండిని ఎప్పుడు వదలాలి అన్న చోటే చాలామంది లెక్క తప్పుతారని నా అభిప్రాయం. మెకానిక్ పెద్ద బిల్లు చెప్పగానే, ‘బండి ఖరీదే అంత లేదు, దీని మీద ఇంత పెట్టడమా’ అంటారు. ఆ పోలిక సరైనది కాదు. రిపేరు బిల్లును కొనబోయే బండికి వచ్చే ఏడాదంతా అయ్యే ఖర్చుతో పోల్చి చూడాలి. వాయిదాలు, పెరిగే ఇన్సూరెన్స్, తరిగిపోయే విలువ అన్నీ కలిపి. అలా చూస్తే క్లచ్ మార్పించడం, ఏసీ కంప్రెసర్ వేయించడం, ఆఖరికి గేర్‌బాక్స్ విప్పించడం కూడా చాలాసార్లు చవకే.

నేనూ ఆ లెక్కతోనే పాతదాన్ని చాలాకాలం లాక్కొచ్చాను. వదిలేసింది మాత్రం తుప్పు వల్ల. తలుపుల కింద కారు పొడవునా పెట్టెలా ఉండే ఇనుము లోపలి నుంచి తినేసింది. పక్కనుంచి ఏదైనా గుద్దితే ఆ దెబ్బను కాసుకునే భాగం అది. పుట్టీ పెట్టి రంగు కొడితే కంటికి బాగానే ఉంటుంది, బలం మాత్రం తిరిగి రాదు. పైగా ఆ బండిలో ఈఎస్‌సీ లేదు. మలుపులో కారు జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలో పెట్టే ఏర్పాటు ఇది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, ఐరోపాలో 2014 చివరి నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి చేశారు. తర్వాతి బండికి ఈఎస్‌సీ, ముందూ పక్కలా ఎయిర్‌బ్యాగులు, వెనక మధ్య సీటుకి కూడా మూడు చోట్ల బిగించే బెల్టు లేకపోతే ధర ఎంత తక్కువైనా చూడకూడదని అప్పుడే గీత గీసుకున్నాను. మిగతా వాటిలో ఎంతైనా సర్దుకోవచ్చు.

నాలుగేళ్ల బండే ఎందుకు? కొత్త కారు విలువ పడిపోవడం మొదటి మూడేళ్లలోనే ఎక్కువ. ఆ దెబ్బ మొదటి యజమాని తిన్నాక కొంటే, తర్వాత విలువ తరుగు నెమ్మదిస్తుంది. మరీ పాతదైతే రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లు ఒకదాని వెనక ఒకటి చావడం మొదలవుతుంది. నాలుగూ అయిదేళ్ల దగ్గర ఈ రెండు బాధలూ కాస్త తక్కువ. చేతిలో ఉన్న డబ్బంతా బండి ధరకే పోయకుండా అందులో పదో వంతు పక్కన పెట్టాను. సెకండ్ హ్యాండ్ బండి ఇంటికి రాగానే టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బ్రేక్ ప్యాడ్‌లలో ఏదో ఒకటి చెయ్యి చాస్తుంది. ఆ డబ్బు ముందే వేరుగా ఉంటే, ‘కొన్న వారంలోనే ఖర్చు’ అన్న టెన్షన్ ఉండదు. నా విషయంలో ఆ పదో వంతు దాదాపు పూర్తిగా ఖర్చయింది. టైర్లకే సగం పోయింది.

ఇంజన్ ఎంపిక

ఇక్కడ నేను పాతకాలం మనిషిని. చిన్న టర్బో ఇంజన్లు తోలడానికి హుషారుగా ఉంటాయి, కాదనను. కానీ వాటిలో చాలావరకు డైరెక్ట్ ఇంజెక్షన్. అంటే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, గాలి లోపలికి వచ్చే దారిలో ఉండే ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు. అలా వాల్వులు కడుక్కుపోయే వీలు లేక మసి పేరుకుంటుంది. పాత పద్ధతిలో పోర్టులో, అంటే వాల్వుకి ముందున్న గాలి దారిలో, చిమ్మే ఇంజన్‌కి ఈ గొడవ లేదు. టర్బో కూడా లేకపోతే వేడి తక్కువ, చెడిపోవడానికి సామాన్లూ తక్కువ. నాకు రోజూ ఊళ్లో తిరగడమే ఎక్కువ కాబట్టి బలం సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

డీజిల్‌ని మొదట్లోనే పక్కన పెట్టాను. మైలేజ్ చూసి నోరూరుతుంది, కానీ కొత్త తరం డీజిళ్లలో పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి, హైవే మీద లాంటి నడక కొంతసేపు ఉండాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి ఆగే బండికి ఆ అవకాశం రాదు. వడపోత మూసుకుపోతే దాన్ని మార్చే ఖర్చు, ఏళ్ల తరబడి ఇంధనంలో మిగిల్చుకున్నదాన్ని మింగేస్తుంది. దూరాలు తిరిగేవాళ్లకి డీజిల్ ఇప్పటికీ సబబే.

పిస్టన్లకీ వాల్వులకీ లయ తప్పకుండా తిప్పేది టైమింగ్ బెల్టు ఉందా, చైన్ ఉందా అన్నది తప్పకుండా అడగండి. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, ఇంజన్ విప్పాల్సిందే. బెల్టు ఉందని బండిని కాదనక్కర్లేదు. ఎప్పుడు మార్చారో బిల్లు ఉండాలి, లేకపోతే మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. మార్చేటప్పుడు అక్కడే ఉండే వాటర్ పంపు కూడా మార్పించేస్తే మళ్లీ అంతా విప్పే కూలీ మిగులుతుంది. ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే బెల్టులు కొన్ని ఇంజన్లలో ఉన్నాయి. అవి అరిగి రాలిన రబ్బరు ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడిన సందర్భాలున్నాయి. అలాంటి ఇంజన్ అయితే సరైన ఆయిల్ వాడినట్టు రికార్డు లేనిదే నేను ముట్టుకోను. నా బండిది చైన్. చైన్‌కీ సకాలంలో ఆయిల్ మార్చాల్సిందే, లేకపోతే అదీ సాగి గరగరమంటుంది.

ఆటోమేటిక్ తీసుకోలేదన్న చిన్న విచారం మాత్రం ఉంది. ట్రాఫిక్‌లో ఎడమ కాలు అలిసిపోయిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది. అప్పట్లో నాకు దొరికిన ఆటోమేటిక్ బండ్లలో సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ మార్చిన ఆధారం ఒక్కదానికీ లేదు. ‘జీవితాంతం మార్చక్కర్లేని ఆయిల్’ అన్న మాట విక్రేతలు హాయిగా చెప్పేస్తారు. ఎవరి జీవితాంతం అన్నదే ప్రశ్న. పెట్రోల్ ఇంజన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారూ ఉండే టొయోటా హైబ్రిడ్లలోని ఇ-సీవీటీ సంగతి వేరు. పేరులో సీవీటీ ఉన్నా లోపల బెల్టు ఉండదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే ప్లానెటరీ గేర్లతో నడుస్తుంది. ఆ కంపెనీ హైబ్రిడ్ కారు ప్రియస్ 1997లో మొదటిసారి వచ్చినప్పటి నుంచి ఆ ఏర్పాటు మూలంలో పెద్దగా మారలేదు. ఊళ్లో ఆగి ఆగి వెళ్లేవాళ్లకి, బడ్జెట్ అందితే, అలాంటి హైబ్రిడ్ బంగారం. సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు చూస్తుంటే బ్యాటరీ ఆరోగ్యం శాతంలో ఎంత ఉందో చూడకుండా బేరం మొదలెట్టకండి. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు, సామర్థ్యం 70 శాతానికి తగ్గకుండా హామీ ఇస్తాయి. ఆ హామీలో ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయన్నదాన్ని బట్టే ధర కట్టుకోవాలి.

చూసి కొనడం

అమ్మేవాళ్లకి ఫోన్ చేసినప్పుడు నేను కోరేది ఒక్కటే, నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని. చల్లగా ఉన్న ఇంజన్ అబద్ధం ఆడలేదు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే చైన్ గరగర, వాల్వుల దగ్గర ఉండే ట్యాపెట్ల టకటక, పొగ రంగు తెలుస్తాయి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి దట్టమైన పొగ ఆగకపోతే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు నురగలాంటిది కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలక) మీద అనుమానం పెట్టుకోవాలి. తక్కువ దూరాలు తిరిగే బండికి చలిలో తేమ వల్ల కూడా కొంచెం నురగ వస్తుంది కాబట్టి, అదొక్కటే చూసి తేల్చకుండా కూలెంట్ మట్టమూ రంగూ చూడాలి.

అన్నిటికన్నా పనికొచ్చింది ఓబీడీ స్కానర్. కారులోని కంప్యూటర్ రాసుకున్నవి చదివే, అరచేతిలో ఇమిడే చవక పరికరం. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో చూసుకోవచ్చు. అందరూ ఎర్రర్ కోడ్లు ఉన్నాయా లేదా అని చూసి వదిలేస్తారు. నేను చూసేది రెడీనెస్ మానిటర్లని. కారులోని కంప్యూటర్ క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది), ఆక్సిజన్ సెన్సర్ లాంటి వాటిని నడుస్తుండగా తనే పరీక్షించుకుని ‘పూర్తయింది’ అని రాసుకుంటుంది. కోడ్లు చెరిపేస్తే ఈ పరీక్షలూ మొదటికొస్తాయి, మళ్లీ పూర్తవడానికి కొంత నడపాలి. డ్యాష్‌బోర్డులో ఒక్క లైటూ లేకుండా, మానిటర్లన్నీ అసంపూర్తిగా కనిపిస్తే ఎవరో ఈమధ్యే చెరిపారన్నమాట. నాకు బాగా నచ్చిన ఒక బండిలో సరిగ్గా ఇదే కనిపించింది. ‘బ్యాటరీ తీసి పెట్టామండీ’ అన్నాడు యజమాని. నిజమే కావచ్చు, బ్యాటరీ తీసినా అవి చెరిగిపోతాయి. ‘సరే, కొన్నాళ్లు నడపండి, మళ్లీ వచ్చి చూస్తాను’ అన్నాను. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు.

టైర్ల పక్కన అచ్చేసి ఉండే నాలుగంకెలు చదవడం నేర్చుకోండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా రబ్బరు ముదిరిపోతే తడి రోడ్డు మీద పట్టుండదు. చాలా టైర్ల కంపెనీలు పదేళ్లని గరిష్ఠ హద్దుగా చెబుతాయి. గాడి మధ్యలో చిన్న గట్లు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల దగ్గర టైరు ఉపరితలానికి సమానమవుతాయి. అప్పుడు టైరు అయిపోయినట్టే. నాలుగు టైర్లూ నాలుగు రకాల బ్రాండ్లయితే, అది టైర్ల గురించి కన్నా ఆ యజమాని గురించి ఎక్కువ చెబుతుంది. ఒకే టైరు లోపలి అంచు మాత్రం అరిగితే అలైన్‌మెంట్ తప్పిందో, కింద ఏదో వంగిందో కనుక్కోవాలి.

వరదలో మునిగిన బండిని కడిగి, సెంటు కొట్టి అమ్ముతారు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, ఆఖరి మూరలో బురద గీత దాక్కుని ఉంటుంది. సీట్ల కింద పట్టాలు, స్టెప్నీ గుంట, ఫ్యూజుల పెట్టె లోపల కూడా చూడాలి. మీటరు వెనక్కి తిప్పారన్న అనుమానం ఉంటే పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూస్తే చాలు. నలభై వేల కిలోమీటర్లకే క్లచ్ పెడల్ నున్నగా అరిగిపోదు. పాత సర్వీసు బిల్లుల్లో ఉన్న రీడింగులు వరసగా పెరుగుతున్నాయా అన్నది ఇంకా మంచి సాక్ష్యం.

పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరుని బండి మీదా కాగితాల్లోనూ పోల్చాను. ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, ఒకటి, సున్నాలతో పొరపడకుండా. అదే నంబరుతో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన పని, ఏదైనా మిగిలి ఉందేమో కూడా చూడాలి. తకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల గొడవ గుర్తుండే ఉంటుంది. బ్యాగుని ఉబ్బించడానికి లోపల పెట్టిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్ల తరబడి పాడై, బ్యాగు తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు ఎగిరిపడేవి. ఎన్నో కంపెనీల కార్లు కోట్లలో వెనక్కి పిలిపించారు, చివరికి 2017లో తకాటా దివాలా తీసింది. ఇలాంటి రీకాల్ పనులు కంపెనీలు ఉచితంగా చేస్తాయి, అయినా చేయించుకోని బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి.

ఇదంతా చేసినా, ఆఖర్న నాకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద పెట్టి చూపించాకే డబ్బు ఇచ్చాను. కింద నుంచి చూసిన పావుగంట, పైన చూసిన గంటతో సమానం.

రోజూ వాడాక

కొనే ముందు జనం అడిగేవి మైలేజ్, పికప్, టచ్‌స్క్రీన్. ఇన్నేళ్లలో నన్ను సుఖపెట్టినవి, కష్టపెట్టినవి వేరే. సీటు ఎత్తు అందులో మొదటిది. నడుము వంచి దిగబడక్కర్లేకుండా, పైకి ఎక్కక్కర్లేకుండా, పక్కకి జరిగి కూర్చునే ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే షోరూంలో ముందు వాళ్లని ఎక్కించి దించి చూడండి, ఆ తర్వాతే మీరు స్టీరింగ్ పట్టుకోండి. రెండోది చూపు. నా బండికి అద్దాలు పెద్దవి, వెనక స్తంభాలు సన్నవి. ఇరుకు సందులో వెనక్కి తియ్యాలంటే కెమెరా లేకపోయినా ఇబ్బంది లేదు. ఈమధ్య వస్తున్న కార్లలో వెనక కిటికీ ఉత్తరాల పెట్టె సందులా ఉంటోంది, దాన్ని కప్పిపుచ్చడానికి నాలుగు కెమెరాలు పెడుతున్నారు.

ఏసీకి, ఫ్యాన్‌కి గుండ్రటి నాబ్‌లు ఉండటం నాకు చాలా నచ్చింది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా తడిమి తిప్పేయొచ్చు. పదేళ్లయినా ఒక్కటీ వదులు కాలేదు. అదే వయసున్న బండ్లలో టచ్‌స్క్రీన్లు నత్తనడక నడుస్తున్నాయి, వాటికి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

డిక్కీ చిన్నదే. కానీ నోరు పెద్దది, గడప కింద వరకు ఉంది. వెనక సీట్లు మడిస్తే దాదాపు చదునుగా పడతాయి. ఒక మంచం చెక్కలు, వాషింగ్ మెషీన్, మొక్కల కుండీలు, అన్నీ ఇందులోనే తెచ్చాను. లీటర్ల లెక్క కన్నా ఆకారం ముఖ్యం. కొన్ని దేశాల్లో ఫిట్ అనీ మరికొన్ని చోట్ల జాజ్ అనీ అమ్మిన హోండా చిన్న కారు ఇందుకు మంచి ఉదాహరణ. 2001లో వచ్చిన ఆ డిజైన్‌లో పెట్రోల్ ట్యాంకుని ముందు సీట్ల కిందికి జరిపారు. దాంతో వెనక సీటు అడుగుభాగాన్ని సినిమాహాలు కుర్చీలా పైకి లేపేసి, అక్కడ నిలువుగా సామాను పెట్టుకోవచ్చు. సైజులో పెద్దవైన సెడాన్లు కూడా ఆ పని చేయలేవు.

చక్రాలు చిన్నవి కావడం మరో లాభం. 175/65 ఆర్14 అంటే వెడల్పు 175 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 65 శాతం, అంటే 114 మిల్లీమీటర్ల దాకా. అదే 205/45 ఆర్17 అయితే పక్క గోడ 92 మాత్రమే. గోతిలో పడినప్పుడు ఆ తేడా నడుముకి తెలుస్తుంది, రిమ్ముకి ఇంకా బాగా తెలుస్తుంది. టైర్లు మార్చే రోజున జేబుకీ తెలుస్తుంది. పై వేరియంట్‌లో మెరిసే పెద్ద అల్లాయ్ చక్రాలు చూసి మురిసిపోయేముందు ఆ సైజు టైర్ల ధర ఒకసారి అడిగి రండి.

మైలేజ్ గురించి. ఊళ్లో లీటరుకి పదమూడు పధ్నాలుగు, హైవే మీద ఆరాం‌గా వెళ్తే పద్దెనిమిది దాకా వస్తోంది, కలిపి చూస్తే పదహారు. ఇది గొప్ప అంకె కాదు. కానీ ఒక లెక్క చెబుతాను. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి లీటరుకి 12 ఇచ్చే బండి 1000 లీటర్లు తాగుతుంది. 16 ఇస్తే 750. 20 ఇస్తే 600. మొదటి నాలుగు కిలోమీటర్ల మెరుగుదలకి 250 లీటర్లు మిగిలాయి, తర్వాతి నాలుగింటికి 150 మాత్రమే. మైలేజ్ పెరిగేకొద్దీ మిగులు తగ్గుతూ పోతుంది. కాబట్టి బాగా తాగే బండిని వదలడం లాభం గానీ, ఇప్పటికే పొదుపుగా ఉన్నదాన్ని ఇంకొంచెం పొదుపైన దానితో మార్చడానికి అప్పు చేయడం దండగ. వేగం సంగతీ అంతే. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకి 80 నుంచి 110కి వెళ్తే అది దాదాపు 1.9 రెట్లవుతుంది. కుడి కాలు కాస్త ఎత్తి పట్టుకుంటే వచ్చే మైలేజ్ ఏ బండీ ఇవ్వదు.

పోయినవి, మార్చినవి

స్పార్క్ ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి పోయింది. బండి వణుకుతూ, చెక్ ఇంజన్ లైటు ఆరి వెలగడం మొదలెట్టింది. ఆ లైటు స్థిరంగా వెలిగితే మెకానిక్ దాకా మెల్లగా వెళ్లొచ్చు. మిణుకుతుంటే మాత్రం పక్కకి ఆపేయాలి, ఎందుకంటే కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. కాయిల్ చవక, కన్వర్టర్ ఖరీదు. ముందు సస్పెన్షన్‌లో బుష్‌లు, లింకులు ఒకసారి మార్పించాను. గతుకుల్లో టకటకమని మొదలైన శబ్దం అది. వెనక చక్రం బేరింగ్ ఒకటి విమానంలా మోగడం మొదలెట్టింది, మార్చాక పోయింది. ఒక డోర్ లాక్ మోటారు చచ్చిపోయింది. క్లచ్ ఈమధ్యే వేయించాను. బ్యాటరీలు నాలుగేళ్ల చొప్పున వస్తున్నాయి. ఈ పదేళ్ల వయసు బండికి ఇది న్యాయమైన చిట్టానే. నడిరోడ్డు మీద నన్ను వదిలేసింది బ్యాటరీ ఒక్కటే, అది కూడా ముందు రోజు స్టార్టింగ్‌లో మూలిగి చెప్పింది.

సామాన్లు అన్నిచోట్లా దొరకడం ఇక్కడ కలిసొచ్చింది. బాగా అమ్ముడైన మోడల్ కాబట్టి కంపెనీ సామానుతో పాటు బయటి తయారీ సామానూ దొరుకుతుంది, ఏ మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పేస్తాడు. అరుదైన మంచి కారు కన్నా, రోడ్డు నిండా తిరిగే మామూలు కారు బాగుచేయించడం తేలిక.

సర్వీసింగ్‌లో నేను పట్టుబట్టేవి తక్కువ. ఏడాదికోసారి, లేదా పది వేల కిలోమీటర్లకి ఇంజన్ ఆయిల్, దానితో ఫిల్టర్. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్. దీన్ని చాలామంది అసలు మార్చరు. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. కొండ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. ఒక సర్వీస్ సెంటర్‌లో నాకు ఇంజన్ ఫ్లష్, ఏసీ క్రిమిసంహారం, అండర్‌బాడీ పూత అంటూ పెద్ద జాబితా ఇచ్చారు, అందులో బ్రేక్ ఆయిల్ మాత్రం లేదు. అప్పటి నుంచి బండితో వచ్చిన మాన్యువల్లో రాసింది చూపించి, అంతే చేయమంటాను.

ఇక ఫిర్యాదులు. హైవే మీద టైర్ల మోత, గాలి మోత ఎక్కువ. దూర ప్రయాణంలో మూడు గంటలయ్యాక చెవులు అలసిపోతాయి. హెడ్‌లైట్లు నీరసం. మసకబారిన వాటి కవర్లని పాలిష్ పట్టిస్తే కొంత నయమైంది గానీ, చీకటి రోడ్ల మీద ఇప్పటికీ తృప్తి లేదు. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మధ్యవాళ్లు తిట్టుకుంటారు. అయిదుగురితో, సామానుతో, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కాలంటే రెండో గేరులోకి దించి ఇంజన్‌ని అరిపించక తప్పదు, లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి. నెలకి ఒకటి రెండుసార్లు ఇలాంటి ప్రయాణం చేసేవాళ్లు 1.5 లీటర్ల ఇంజన్ వైపు వెళ్లడం మంచిది. ఇంకా దూరాల వాడకమే ఎక్కువైతే ఈ సైజు కారే వద్దు. టెస్ట్ డ్రైవ్‌కి అమ్మేవాళ్లతో ఒక్కరే కూర్చుని సాఫీ రోడ్డు మీద తిప్పి వచ్చేయకండి. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని, ఏసీ పూర్తిగా పెట్టి, దగ్గర్లో ఉన్న ఎత్తైన ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో బండిని ఆపి మళ్లీ ఎక్కించండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.